జెట్ యుద్ధవిమానములలో ఎదురుత్రోపు

గత సంవత్సరము పదవ తరగతిలో న్యూటను మూడవ సూత్రము చెప్పుచుండగా, వెనుక బల్లపై కూర్చుండు బాలుడొకడు లేచి, “అయ్యా, జెట్ విమానము వాయువును వెనుకకు చిమ్ముట చేతనే గదా ముందుకు పోవును. మరి నేలపై దిగిన తరువాత ఆగుటకు ఇంజనును వెనుకకు త్రిప్పుదురా?” అని యడిగెను. తరగతి యంతయు నవ్వినది. మేము నవ్వలేదు. ఆ ప్రశ్నలో సగము పొరపాటు, సగము మిక్కిలి మంచి యాలోచన. ఇంతలో గంట మ్రోగుటచే నాడు సరియైన సమాధానము చెప్పలేకపోతిమి. ఆ బాకీ తీర్చుటకే ఈ వ్యాసము.

ముందుగా పొరపాటు సంగతి. జెట్ ఇంజను ఎన్నడును వెనుకకు తిరుగదు. అందలి చక్రములు నిమిషమునకు వేలకొలది చుట్లు తిరుగుచుండును. వాని రెక్కలు ఒక్క దిశకు తిరుగుటకే అనువుగా వంపు తీర్చబడినవి. దిగిన మరుక్షణమున వానిని ఆపి, వెనుకకు త్రిప్పి, మరల వేగము నందించుట సాధ్యమైన పని కాదు. విమానము ఎగురుచున్నను, దిగుచున్నను, ఆగుచున్నను ఇంజను ఒకే వైపునకు తిరుగుచు, ముందునుండియే గాలిని పీల్చుచు, వెనుకనుండియే వాయువును వదలుచుండును. మారునది ఒక్కటే: బయటకు వచ్చిన వాయువు పోవు దారి. ఆ దారికి అడ్డముగా తలుపులు మూసి, వాయువును ముందు వైపునకు మరలించు సాధనమునే ఇంగ్లీషున థ్రస్ట్ రివర్సర్ అందురు. మేము దీనిని ఎదురుత్రోపు సాధనమని పిలుచుచున్నాము. పడవవాడు తెడ్డును ఎదురు వేసి పడవ నాపుట చూచినవారికి ఈ మాట పరాయిదిగా తోచదు.

ఇచ్చట తెలివిగల విద్యార్థికి ఒక సందేహము రావలెను. తలుపులు విమానమునకే బిగించియున్నవి. వాయువు కూడ విమానము నుండియే వచ్చుచున్నది. తన వాయువుతో తన తలుపునే కొట్టుకొనిన విమానము ఎట్లాగును? బండిలో కూర్చుండి బండి గోడను త్రోసిన బండి కదలునా? ఈ సందేహమును దాటవేసి ముందుకు పోయినవాడు విషయమును సగమే తెలిసికొన్నవాడగును. కావున ఇచ్చట కొంత నిలుతము.

తోటలో రబ్బరు గొట్టముతో నీరు పట్టునప్పుడు, నీటిధారకు అరచేయి అడ్డము పెట్టి చూడుడు. చేయి చదునుగా నున్నచో నీరు చేతికి తగిలి నలుప్రక్కలకు చిందును. చేతిని దోసిలివలె వంచినచో నీరు వెనుదిరిగి మీ మొగము మీదనే పడును. రెండవ పర్యాయము చేతికి తగులు దెబ్బ మొదటిదానికంటె గట్టిగా నుండును. ఏలయనగా మొదటిసారి చేయి నీటి నాపినది మాత్రమే. రెండవసారి ఆపి, తిరిగి వెనుకకు పంపినది. ఇక ఆ గొట్టమును, ఆ చేతిని ఒకే చక్రముల పీటపై బిగించినట్లు ఊహింపుడు. నీరు పోవునప్పుడు గొట్టము ఒకవైపునకు త్రోయబడును. చేయి రెండవ వైపునకు త్రోయబడును. నీరు ప్రక్కలకు చిందినంత వరకు ఈ రెండును సరిపోయి పీట కదలదు. నీరు వెనుదిరిగినపుడు మాత్రము చేతిపై పడు బలము మించును. పీట చేయి త్రోయబడిన వైపునకు కదలును. అనగా చూడవలసినది లోపల ఏది దేనిని కొట్టినదని కాదు. విమానమును విడిచి పోవునప్పుడు వాయువు తుదకు ఎటువైపు పోవుచున్నది అని. ద్రవ్యవేగ నిత్యత్వ సూత్రమునకు కావలసినది అంతే. బండిలో కూర్చుండి గోడను త్రోయువాడు బండి నుండి దేనిని బయటకు పంపలేదు గనుక బండి కదలదు. విమానము వాయువును బయటకు, అదియును ముందువైపునకు, పంపుచున్నది గనుక వెనుకకు త్రోయబడును.

లెక్క కట్టి చూతము. ఒక ఇంజను సెకనుకు 100 కిలోగ్రాముల వాయువును సెకనుకు 600 మీటర్ల వేగముతో సూటిగా వెనుకకు చిమ్మినచో విమానముపై ముందుకు పనిచేయు బలము 60,000 న్యూటనులు. అదే వాయువును అదే వేగముతో సూటిగా ముందుకు పంపగలిగినచో అంత బలమును వెనుకకు లభింపవలెను. కాని అట్లు పంపుటకు వీలులేదు. సూటిగా ముందుకు వచ్చు వేడి వాయువు విమానము యొక్క దేహమునే కాల్చును. గాలి పీల్చు ద్వారములలో దూరి ఇంజనుకు ఊపిరాడకుండ చేయును. కావున వాయువును ప్రక్కలకు వాలుగా పంపుదురు. విమానపు అక్షముతో 60 డిగ్రీల కోణమున పంపినచో, ఆ కోణపు కొసైను విలువ సగము గనుక, 30,000 న్యూటనులే దక్కును. మలుపు తిరుగుటలో వాయువు కొంత వేగమును కోల్పోవును గనుక నిజమునకు మరికొంత తగ్గును. ఎదురుత్రోపు సామాన్యముగా ముందుత్రోపులో సగమునకు అటునిటుగా నుండుటకు కారణ మిదియే.

ఒక చిన్న లాభము కూడ కలదు. సెకనుకు 60 మీటర్ల వేగముతో పరుగిడు విమానము సెకనుకు 100 కిలోగ్రాముల గాలిని నోటబట్టుచున్నప్పుడు, నిలుకడగా నున్న ఆ గాలిని తనతోపాటు లాగికొనిపోవలసియుండును. ఆ లాగుడు 6,000 న్యూటనుల నిరోధము. ముందుత్రోపు వేళ ఇది నష్టము; ఎదురుత్రోపు వేళ ఇదియే లాభము.

ఇక ఈ సాధనము దేనికి? చక్రములకు బ్రేకులు లేవా? ఉన్నవి. అవి యెంత పనిచేయగలవో తెలియుటకు స్వీడను దేశపు సాబ్ 37 విగ్గెన్ అను యుద్ధవిమానమును తీసికొందము. ఇది 1967 ఫిబ్రవరి 8న మొదటిసారి ఎగిరినది. 1971లో సైన్యమున చేరి 2005 వరకు సేవ చేసినది. ఎదురుత్రోపు సాధనమును, త్రోపును పెంచు ఆఫ్టర్ బర్నరును ఒకే ఇంజనుకు కూర్చిన యుద్ధవిమానములలో ఇది మొదటిది. దీనిని 500 మీటర్ల రన్‌వేపై దిగగలుగునట్లు నిర్మింపవలెనని స్వీడను వాయుసేన నిర్ణయించెను.

గంటకు 220 కిలోమీటర్లు, అనగా సెకనుకు సుమారు 61 మీటర్ల వేగముతో విమానము నేల తాకినదనుకొందము. 500 మీటర్లలో ఆగవలెనన్న, వేగపు వర్గమును దూరమునకు రెట్టింపుతో భాగింపగా, సెకను సెకనుకు 3.7 మీటర్ల ఋణ త్వరణము కావలెను. మంచు గడ్డకట్టిన బాటపై చక్రములకు నేలకు మధ్య ఘర్షణ గుణకము 0.1 మాత్రమే అనుకొనినచో, బ్రేకులు ఎంత బిగించినను సెకను సెకనుకు ఒక మీటరుకంటె తక్కువ ఋణ త్వరణమే లభించును. అపుడు విమానము ఆగుటకు 1,900 మీటర్లు కావలెను. బ్రేకు గట్టిదియా కాదా యన్నది ప్రశ్న కాదు. నేల పట్టు ఇచ్చుచున్నదా లేదా యన్నదే ప్రశ్న. వానకు నానిన సిమెంటు నేలపై సైకిలు బ్రేకు పట్టి జారిపడినవారికి ఇది వేరుగ చెప్పనక్కరలేదు. స్వీడనులో శీతకాలము నెలల తరబడి యుండును.

విగ్గెన్ దిగునప్పటి బరువును మాదిరికి 12 టన్నులనుకొనినచో, 3.7 ఋణ త్వరణమునకు 44,000 న్యూటనులకు పైగా బలము కావలెను. దాని మొదటి ఇంజను, ఆఫ్టర్ బర్నరు వెలిగింపక, ఇచ్చు త్రోపు 65,600 న్యూటనులు. అందులో సగము ఎదురుత్రోపుగా దక్కినదనుకొన్నను సుమారు 33,000. మిగిలిన 11,000 న్యూటనులను గాలి నిరోధము, మంచుపై జారుచున్న బ్రేకులు కలిసి తీర్చగలవు. ఈ లెక్కలో కొన్ని యంకెలు మేము అనుకొన్నవే యైనను, ఎదురుత్రోపు లేనిదే మంచుపై ఆ పని జరుగదని దీనివలన తేటపడుచున్నది. ఎదురుత్రోపునకు నేలపట్టుతో పనిలేదు. అది గాలితో తెలుపుకొను వ్యవహారము.

బ్రేకులకు మరియొక కష్టము కూడ కలదు. ఆ వేగమున 12 టన్నుల విమానమునకు గల గతిశక్తి సుమారు 2 కోట్ల 20 లక్షల జౌళ్లు. 75 లీటర్ల నీటిని 30 డిగ్రీల నుండి మరుగు వరకు కాచుటకు అంత వేడి చాలును. ఎదురుత్రోపు లేనిచో ఆ వేడిలో అధిక భాగమును కొలది సెకనులలో బ్రేకుబిళ్లలే మ్రింగవలెను.

స్వీడను వారికి 500 మీటర్ల పట్టుదల ఏల కలిగినదో చెప్పక తప్పదు. విమానము ఎంత గొప్పదైనను అది దిగుటకు చోటు కావలెను. ఆ చోటు శత్రువుకు తెలియును. రెండు మైళ్ల పొడవుగల రన్‌వేను అడవిలో దాచలేరు. 1967 జూన్ 5న ఇజ్రాయిల్ వాయుసేన ఈజిప్టు విమానాశ్రయములపై దాడి చేసి, రన్‌వేలను గుంటలు చేసి, ఎగురలేక నిలిచిపోయిన విమానములను నేలపైననే నాశనము గావించెను. స్వీడను వారు ఇట్టి యాపదను అంతకు పూర్వమే ఊహించి, విమానములను దేశమంతట చెదరగొట్టి, వలసినపుడు సాధారణ రహదారులనుండి నడపుటకు బాస్ 60 అను ఏర్పాటు చేసికొనియుండిరి. తరువాత దానిని బాస్ 90 పేర విస్తరించి, 800 మీటర్ల చిన్న రన్‌వేలను కూర్చిరి. విగ్గెన్ తోక యందలి మూడు తలుపులు ఆ దేశపు రక్షణ విధానములో ఒక భాగము. వానిని వట్టి యంత్రపు ముక్కలుగా చూచినవారికి వాని యర్థము తెలియదు.

ఆ తలుపులు పనిచేయు తీరు చూతము. ఇంజను నుండి వాయువు వెలువడు మూతికి వెనుక, విమానపు తోకలో, మరియొక గొట్టము వంటి భాగము కలదు. దానిలో మూడు రేకు తలుపులు గోడకు అంటి యుండును. ఎదురుత్రోపు కావలసినపుడు అవి లోపలికి వాలి దారి మూయును. అపుడు వాయువు తోక చుట్టు గల సందులగుండ వాలుగా ముందుకు వెడలును. తలుపులు మూసినను వాయువు పోవుటకు చాలినంత వైశాల్యము ఆ సందులలో నుండవలెను. లేనిచో ఒత్తిడి వెనుకకు తన్ని ఇంజను ఉక్కిరిబిక్కిరియగును. కొలిమి తిత్తి మూతికి వేలు అడ్డము పెట్టినట్లగును.

ఇందులో మాకు మిక్కిలి నచ్చినది మరియొకటి. వైమానికుడు నేల తాకుటకు ముందే ఎదురుత్రోపు మీటను లాగి యుంచవచ్చును. కాని తలుపులు అపుడే మూసికొనవు. ముందు చక్రము నేల నంటి, దాని కాలు బరువునకు నొక్కుకొనిన క్షణముననే అవి మూసికొనును. అట్లు మనిషి చేయి తడవుకొను కాలము కూడ మిగులును. గాలిలో నుండగా పొరపాటున తలుపులు పడు ప్రమాదమును తప్పును. సెకనుకు 61 మీటర్ల వేగమున రెండు సెకనుల యాలస్యమనగా 122 మీటర్లు. 500 మీటర్ల బాటలో అది నాలుగవ వంతు. విగ్గెన్ దిగునపుడు ముక్కు నెత్తి మెల్లగా తేలి దిగదు. గట్టిగానే నేలను తాకును. అందుకు తగినట్లు దాని కాళ్లు బలముగా చేయబడినవి. ఆగిన పిమ్మట అదే సాధనముతో, లాగు బండి సాయము లేకయే, తనంత తాను వెనుకకు నడువగలదు. రహదారి ప్రక్క చెట్ల నీడలో దాగవలసిన విమానమునకు అదియు అవసరమే.

గాలిలో తలుపులు పడిన ఏమగునో లోకమునకు ఒక దారుణ సంఘటన తెలిపినది. అది యుద్ధవిమానము కాదు. 1991 మే 26న లౌడా ఎయిర్ సంస్థకు చెందిన బోయింగ్ 767 ప్రయాణికుల విమానము థాయిలాండుపై ఎగయుచుండగా ఒక ఇంజను ఎదురుత్రోపు తనంతట తెరచుకొనినది. ఒక రెక్క ప్రక్క ముందుత్రోపు, రెండవ ప్రక్క ఎదురుత్రోపు. విమానము అదుపు తప్పి గాలిలోనే విచ్ఛిన్నమై 223 మంది మరణించిరి. ఆ తరువాత ఇట్టి సాధనములకు అదనపు తాళములు అమర్చిరి. యంత్రమును కనిపెట్టుట సగము పని. అది పనిచేయగూడని వేళ పనిచేయకుండ చూచుట మిగిలిన సగము.

విగ్గెన్ తరువాత ఎదురుత్రోపు గల ముఖ్య యుద్ధవిమానము టోర్నడో. బ్రిటను, జర్మనీ, ఇటలీ కలిసి నిర్మించిన ఈ రెండింజనుల విమానము 1974 ఆగస్టు 14న మొదట ఎగిరినది. దీని పద్ధతి విగ్గెన్ వంటిది కాదు. ప్రతి ఇంజను మూతికి పైన నొకటి, క్రింద నొకటి దోసిలి వంటి రేకులుండును. దిగినపుడు ఆ రెండును వెనుకకు వాలి, మూతి వెనుక ఒకదానినొకటి కలిసికొని, వాయువును పైకిని క్రిందికిని ముందువాలుగా మరలించును. పైకి మరలిన పొగ తగిలి దాని నిలువు తోక మసిబారియుండును. ఛాయాచిత్రములలో నల్లని తోక కనబడిన అది టోర్నడో అని గుర్తుపట్టవచ్చును. విచిత్రమేమన, బ్రిటిషువారి టోర్నడోలు 1991 గల్ఫ్ యుద్ధమున చేసిన పనులలో ముఖ్యమైనది శత్రువు రన్‌వేలను గుంటలు చేయుట. ఇతరుల బాటలను చెరచుటకు పోవునది తన బాట చెడినను దిగగలుగవలెనని దానిని నిర్మించినవారు తలచిరి. బ్రిటను దానిని 2019లో సేవనుండి తొలగించెను.

ఇంత మేలైన సాధనము మిగిలిన యుద్ధవిమానములకు ఏల లేదు? కారణము బరువు. తలుపులు, వానిని కదలించు సామగ్రి, వేడికి తాళు లోహము, అన్నియు విమానపు తోకలో, అనగా బరువు ఏమాత్రము సహింపరాని చోట, చేరును. గంటసేపు ఎగురు విమానమునకు ఆ సాధనముతో పని పదిపదునైదు సెకనులు. బరువు మాత్రము గంటయంతయు మోయవలెను. అంతకంటె తోకనుండి పారాచూటు విడుచుట తేలిక. మన వాయుసేనలో సుఖోయ్ 30, తేజస్ ఆ విధముగనే దిగుచున్నవి. అయితే పారాచూటు లాగుడు వేగపు వర్గము ననుసరించి యుండును; వేగము సగమైనచో లాగుడు నాలుగవ వంతగును. అనగా మొదట గట్టిగా లాగి, చివరకు చల్లబడును. ప్రక్కగాలి వీచినచో తోకను ప్రక్కకు లాగును. దిగిన ప్రతిసారి దానిని మడిచి కట్టవలెను. ఎదురుత్రోపునకు ఈ బాధలు లేవు గాని, నెమ్మదించిన పిమ్మట ఎక్కువ శక్తితో వాడినచో ముందుకు చిమ్మిన వేడి గాలియు, లేచిన రాళ్లును ఇంజను నోటిలోనే పడును. అమెరికావారు కూడ ఒక ఎఫ్ 15 విమానమునకు ఎదురుత్రోపు గల చదరపు మూతులు బిగించి 1989 నుండి 1991 వరకు పరీక్షించిరి. వారి క్రొత్త యుద్ధవిమానమునకు మొదట దానిని కోరి, బరువునకును ఖర్చునకును జంకి విడిచిపెట్టిరి.

రవాణా విమానముల సంగతి వేరు. వానికి బరువు మోయుటయే వృత్తి. మన వాయుసేన 2013 జూనులో మొదటిసారి అందుకొన్న సి 17 గ్లోబ్‌మాస్టర్ విమానమునకు నాలుగు ఇంజనులు; నాలుగింటికిని ఎదురుత్రోపు కలదు. వాయువును ముందుకును పైకిని పంపునట్లు దానిని తీర్చిరి. అందుచే మట్టిబాటపై దుమ్ము అంతగా లేవదు, ఇంజనులు తిరుగుచుండగనే సామాను దింపుకొనవచ్చును. నిండు బరువుతో నూటికి రెండు వంతుల ఎత్తుగల బాటపై వెనుకకు నడువగలదు. గాలిలో నుండగనే ఎదురుత్రోపు వాడి నిట్రముగా క్రిందికి దిగుటకును దానికి ఏర్పాటు కలదు. 2016 నవంబరులో అది అరుణాచల ప్రదేశములోని మెచుకా కొండలోయలో సుమారు 1,300 మీటర్ల రన్‌వేపై దిగినది.

తెలుగునాటి రహదారి యొకటి ఇచ్చట జ్ఞాపకము వచ్చుచున్నది. అద్దంకి సమీపమున కొరిశపాడు వద్ద 16వ జాతీయ రహదారిలో 4.1 కిలోమీటర్ల భాగమును 33 మీటర్ల వెడల్పున వాయుసేన కొరకు గట్టిపరచిరి. 2022 డిసెంబరులోను, 2024 మార్చిలోను అచ్చట వాయుసేన అభ్యాసములు జరిగినవి. మన రహదారి పొడవును స్వీడను వారి 800 మీటర్లతో పోల్చిన, పారాచూటుతో దిగు విమానమునకును, ఎదురుత్రోపుతో దిగుటకై పుట్టిన విమానమునకును గల భేదము కంటికి కట్టును. మనకు ఎండ, వెడల్పైన మైదానము కలవు. వారికి మంచు, అడవి.

ఇంతకును స్వీడను వారే తరువాత ఎదురుత్రోపును విడిచిరి. విగ్గెన్ స్థానమున వచ్చిన గ్రిపెన్ 1988 డిసెంబరు 9న మొదట ఎగిరినది. 1996లో సైన్యమున చేరినది. దానికి ఎదురుత్రోపు సాధనము లేదు. అది విగ్గెన్ కంటె చాల తేలికైనది; దిగిన వెంటనే ముందున్న చిన్న రెక్కలను నిలువుగా వాల్చి గాలికి అడ్డము పెట్టును, ముక్కును నేలకు నొక్కి ముందు చక్రపు బ్రేకునకు కూడ పట్టు కల్పించును. దానికి కావలసినది 500 మీటర్లు కాదు, 800 మీటర్లు. ఆ బాలునికిని, అతనితోపాటు నవ్వినవారికిని ఒక లెక్క ఇచ్చి విరమింతుము: పై వేగముతోనే దిగిన విమానము 800 మీటర్లలో ఆగుటకు కావలసిన ఋణ త్వరణ మెంత? 500 మీటర్ల లెక్కతో పోల్చి, ఆ మూడువందల మీటర్లు విమానమునకు ఎంత బలమును ఆదా చేసినవో కట్టి, జవాబును పాఠశాల గోడపత్రికకు పంపుడు.